ఎనెలెసి పొలం చుట్టూ

పొలం మూలకు వచ్చిన ప్రతిసారీ ఫోను ఆగమంటుంది. ఆకాశంలో తిరిగే యంత్రమేదో ఆ మూలను గుర్తుపట్టే దాకా కదలకూడదని వ్యవసాయ సలహాదారమ్మ ఫైనెస్ మరీ మరీ చెప్పింది. మతియాసి ఫోనును గుండెకెదురుగా పట్టుకుని, చూపు దాని మీదే నిలిపి, మూలమూలా ప్రార్థన చేస్తున్నవాడిలా ఆగుతూ నడిచాడు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ములాంజే కొండ మీది మంచు కిందికి దిగలేదు. పోయినేడు ఎండిన కంది మోళ్ళు కాళ్ళకు గీసుకుంటున్నాయి.

ఈ నడకకు కారణం పోయినేడే. తొలి వాన పడగానే బావ గెస్తెని విత్తమన్నాడు. పొలం మతియాసి పెళ్ళాం ఎనెలెసిది. ఆమె అన్నగా, ఆ ఇంటి ఆడవాళ్ళందరికీ పెద్దగా, విత్తే రోజు చెప్పాల్సింది ఆయనే. విత్తారు. ఆ తర్వాత ఆకాశం మూతపడింది. బోదెల్లోనే గింజలు వేగిపోయాయి. మళ్ళీ విత్తనం సంపాదించి వేసేసరికి అదను దాటింది. మామిడికాయలు ఉడకబెట్టుకుని, మరలో మిగిలిన తవుడు జల్లించుకుని తిన్నారు. అందుకే ఫైనెస్ వచ్చి "వాన కబురు" గురించి చెబుతుంటే మతియాసి ముందు వరసలోకి జరిగి కూచున్నాడు. నేలనుబట్టి, మబ్బునుబట్టి, ఏ పొలంలో ఎప్పుడు విత్తాలో ఆ పొలం వాళ్ళ ఫోనుకే మాట వస్తుందట. ఒకసారి పొలం చుట్టూ తిరిగి హద్దు చూపిస్తే చాలట.

బయలుదేరే ముందు ఫోను ఏవేవో ప్రశ్నలు వేసింది. గబగబా జవాబులు నొక్కేశాడు. చివరి మూల దాటేసరికి వెనక పొద్దు పొడిచింది. నీలం గీత వచ్చి మొదలైన చోటే కలిసింది. లోపలంతా పచ్చగా నిండింది. పైన అక్షరాలు పడ్డాయి: మతియాసి నహిపా పొలం.

పెదవులు కదుపుతూ చదివాడు. మళ్ళీ చదివాడు. పెళ్ళయిన నాటి నుంచి ఈ నేలలో పార వేస్తున్నాడు కానీ, తన పేరు ఏ మట్టి పక్కనా ఎప్పుడూ చూసుకోలేదు. నవ్వొచ్చింది. చప్పుడు లేని నవ్వు, ఎవరి కోసమూ కానిది. అందుకే దాన్ని దాచుకోవడం ఆలస్యమైంది. తలెత్తేసరికి గట్టు చివర నెత్తిన బకెట్టుతో ఎనెలెసి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ఇంటి వైపు తిరిగి వెళ్ళిపోయింది.

బోరింగు దగ్గర ఉన్న ఆడవాళ్ళు కూడా చూశారు. పొద్దు పొడవక ముందు పొలం చుట్టూ ఒంటరిగా తిరిగి, మూలమూలా ఆగేది ఎవరో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. మంత్రించిన మందు పాతిపెట్టేవాడు. దొంగలు రాకుండా పెట్టేవాళ్ళున్నారు. ఒకరి పొలం సారం ఇంకొకరికి పోయేలా పెట్టేవాళ్ళూ ఉన్నారు. నడక మాత్రం ఒకటే. న్సీమా సంకటి కుండ పొయ్యి మీంచి దిగే వేళకు మాట ఊరంతా చుట్టి గెస్తెని ఇంటికి చేరింది.

"అల్లుడుగారు ఇంట్లోనే ఉన్నారా?" గెస్తెని వాకిట్లోంచి అడిగాడు. ఎదురుగా కనబడుతున్న మనిషిని ఇంట్లో ఉన్నాడా అని అడగడం ఆయన పద్ధతి. వెనక నలుగురు మగవాళ్ళున్నారు.

"రా బావా. కూచో."

"నా చెల్లెలింట్లో నన్ను కూచోమనడానికి నువ్వెవరివి? పొద్దున్నే పొలం చుట్టూ తిరిగావట."

"వాన కబురు కోసం. సలహాదారమ్మ చెప్పినప్పుడు నువ్వూ ఉన్నావుగా."

"ఉన్నాను. వినలేదు. మూలమూలా ఎందుకు ఆగావు?"

"ఫోను ఆగమంది."

గెస్తెని వెనక్కి తిరిగాడు. "విన్నారా? నేనాగమంటే ఆగడు. పెద్దలాగమంటే ఆగడు. ఫోను ఆగమంటే ఆగాడట."

వెనకున్నవాళ్ళు నవ్వారు. మతియాసికి చెవులు వేడెక్కాయి. ఈ నవ్వు ఆగాలి, ఇప్పుడే ఆగాలి అనిపించింది. ఆ తొందరలో తప్పు చేశాడు.

"మందూ లేదు, మాకూ లేదు బావా. నమ్మకపోతే చూడు." ఫోను తీసి చేతికిచ్చాడు.

గెస్తెనికి చదువొచ్చు, చర్చిలో వాక్యం చదివేది ఆయనే. ఫోను దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి, అందరికీ వినపడేలా వాక్యం చదివినట్టే చదివాడు. "మతియాసి. నహిపా. పొలం." ఎవరూ నవ్వలేదు.

"ఇందులో మా చెల్లెలి పేరేదీ?"

"నంబరు నాది కదా బావా. ఎవరి నంబరైతే వాళ్ళ పేరే పడుతుంది. అది యంత్రం."

"యంత్రానికి సిగ్గు లేకపోవచ్చు. నీకుండద్దూ?" గెస్తెని గొంతు తగ్గింది. మూలల గురించి అడిగినప్పటి కంటే ఇప్పుడే ఆయన నిజంగా భయపడ్డాడని మతియాసికి అర్థమైంది. "ఇల్లరికం వచ్చిన పుంజు కూయాలి, గంపలో పడుకోవాలి. గంప నాదనకూడదు. ఆదివారం చర్చి అయ్యాక మీ పెళ్ళిపెద్దను తీసుకురా. ఉంటావో వెళ్తావో అక్కడ తేలుద్దాం. అంతదాకా నా చెల్లెలి పొలంలో పార పెట్టకు."

చుట్టుపక్కల అందరూ బోదెలు పోసుకుంటున్న రోజులవి. పార పట్టని మగవాడు వాకిట్లో కూచుంటే దారిన పోయే ప్రతివాడికీ కథ తెలిసిపోతుంది.

చీకటి పడక ముందే ఎనెలెసి తిండి పెట్టింది. కూతురు టమాండాను తన పక్కన కూచోబెట్టుకుని, అతని పళ్ళెం వాకిలికి అటువైపున పెట్టింది.

"నువ్వయినా మీ అన్నకు చెప్పచ్చుగా," అన్నాడు. "మందు కాదని నీకు తెలుసు."

"తెలుసు."

"మరి?"

"ఎందుకు నవ్వావు?"

ముద్ద నోట్లోనే ఉండిపోయింది. "నవ్వడమేంటి? ఎండ కళ్ళల్లో పడింది. మొహం అలా అయింది."

"ఎండ నీ వెనకుంది," అంది ఎనెలెసి. కూతురి మూతి తుడిచి లోపలికి వెళ్ళింది.

ఊరంతా ఒక ఎత్తు, ఆమె ఒక్కతీ ఒక ఎత్తు. ఊరిది అబద్ధం. దాన్ని ఖండించవచ్చు. ఆమె దగ్గర ఉన్నది నిజం. దాన్ని ఏం చేయాలో అతనికి తెలియలేదు.

మర్నాడు, తన తరఫున పెళ్ళిపెద్దగా నిలిచిన లుపియాను పిలవడానికి సైకిలెక్కి తన తల్లి ఊరికి బయలుదేరాడు. ఏరు దాటితే అటువైపున అతని ఊరు. అక్కడ అతను అల్లుడు కాదు, మేనమామ. అక్కడి పొలం అతని చెల్లెలు డొలొఫినాది. పొలం మీద మాట మాత్రం అతనిది. ఆ సీమలో ఏ మగవాడైనా ఇద్దరు మనుషులే. ఒకడు పెళ్ళాం ఊళ్ళో నోరు మూసుకునేవాడు, ఇంకొకడు చెల్లెలి ఊళ్ళో నోరు చేసుకునేవాడు. వంతెన మీద సైకిలు చక్రాలు చెక్కల మీద దడదడలాడుతుండగా మతియాసి వెన్ను దానంతటదే నిటారైంది. ఎప్పుడూ అవుతుంది. ఆ రోజు మాత్రం అది గమనించాడు.

డొలొఫినా పొలం గట్టు మీద ఒక మనిషి కదలకుండా నిలబడి ఉన్నాడు. ఆమె మొగుడు జైలోసి. గుండెకెదురుగా ఫోను పట్టుకున్నాడు. చూపు దాని మీదే ఉంది. పెదవుల చివర ఏదో కదిలింది. దూరం నుంచి చూసినా మతియాసికి అదేమిటో తెలిసిపోయింది. ఆ ఊళ్ళో దాన్ని గుర్తుపట్టగలిగినవాడు అతనొక్కడే.

సైకిలు దారిలో పడేసి పరిగెత్తాడు.

"ఏం చేస్తున్నావిక్కడ?"

"రా బావా, మంచి సమయానికొచ్చావు. నువ్వు చెప్పిందేగా. పోయిన నెల చావింట్లో మమ్మల్నందరినీ కూచోబెట్టి మరీ చెప్పావు, వాన కబురని. ఇదొక్క మూల మిగిలింది."

"ఎవర్నడిగి తిరుగుతున్నావు?"

"మేకనడిగాను. ఊఁ అంది." జైలోసి నవ్వబోయి, బావ మొహం చూసి మానుకున్నాడు.

మతియాసి అతని మణికట్టు పట్టుకుని మెలిపెట్టి ఫోను లాక్కున్నాడు. "ఇందులో మా చెల్లెలి పేరేదీ?"

మాట బయటికి వచ్చాక అది ఎవరిదో వినిపించింది. "ఏదీ" దగ్గర ఆ సాగతీత కూడా గెస్తెనిదే. అక్కడ ఆగి ఉండవచ్చు. ఆగాలనే అనుకున్నాడు. కానీ ఆ గొంతు తన గొంతులో సరిగ్గా పట్టింది. రెండు రోజులుగా మింగుతున్నదంతా పారడానికి ఒక పల్లం దొరికింది. కోపం తియ్యగా ఉంటుందని అప్పటి దాకా అతనికి తెలియదు.

"చెరిపెయ్."

"బావా, పోయినేడు నీ మేనకోడళ్ళు తవుడు తిన్నారు. అది గుర్తుందా?"

"చెరిపెయ్ అన్నాను."

"నువ్వు నీ పొలం చుట్టూ తిరగలేదా ఏం?"

"నాకెక్కడిది పొలం?"

"నాకూ లేదు. అందుకే అడుగుతున్నా."

మతియాసి ఫోను తిరిగిచ్చి, జైలోసి వేలు కదిలి పచ్చరంగు పోయే దాకా పక్కనే నిలబడ్డాడు. పొలం మధ్యలో డొలొఫినా పార భుజాన పెట్టుకుని చూస్తూ ఉంది. అన్నా అని పిలవలేదు. ముసలి లుపియా కూడా తన వాకిట్లోంచి అంతా చూశాడు. మతియాసి గొడవేమిటో విని, "ఆదివారం వస్తాలే," అన్నాడు.

ఆదివారం గెస్తెని వసారాలో చాపలు పరిచారు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క కూచున్నారు. థోబ్వా అంబలి గిన్నె చేతులు మారుతూ వచ్చి మతియాసి దగ్గరికి రాకుండానే వెనక్కి తిరిగింది. లుపియా అది చూసి గొంతు సవరించుకున్నాడు.

ఫైనెస్ కూడా వచ్చింది. ఆమె నిలబడి, ఫోను మూలల్లో ఎందుకు ఆగమంటుందో వివరించింది. ఎవరూ అడ్డు చెప్పలేదు, ఎవరూ నమ్మలేదు.

"మాటలు చెప్పడానికి నీకు జీతమిస్తారమ్మా," అన్నాడు గెస్తెని. "మాకు మట్టి చెబుతుంది. తవ్వుదాం."

అందరూ పొలానికి నడిచారు. మొదటి మూలలో వేర్లు తప్ప ఏమీ లేవు. రెండో మూలలోనూ ఏమీ లేదు. మూడో మూలలో పారకు గాజు తగిలిన చప్పుడైంది. సీసా. నోటికి మైనం పూసి, ఎర్రగుడ్డ చుట్టి ఉంది. గుడ్డ సగం చీకిపోయింది. ఆడవాళ్ళు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. లుపియా పెదవులు తడుపుకున్నాడు. ఆ ఒక్క క్షణం మతియాసికే అనుమానం వచ్చింది, ఎప్పుడో తానే తెలియకుండా పెట్టి మర్చిపోయాడేమోనని. ఇంతమంది చూపులు ఒక్కసారిగా మీద పడితే మనిషికి తన చేతుల మీదే నమ్మకం పోతుంది.

గెస్తెని సీసా తీసుకుని బొటనవేలితో మట్టి తుడిచాడు. మెల్లగా, ఇంట్లో వస్తువును తుడిచినట్టు తుడిచాడు. ఆయనకు ఆ సీసా తెలుసునని మతియాసికి ఆ తుడవడంలోనే తెలిసింది. గెస్తెని మాత్రం దాన్ని అందరికీ కనబడేలా గట్టు మీద పెట్టాడు.

"ఇదిగో. ఇంకేం కావాలి?"

"అది అమ్మది," అంది ఎనెలెసి.

ఆమె ఆడవాళ్ళలోంచి ముందుకు రాలేదు, అక్కడి నుంచే అంది. "దొంగలు కంకులు విరుచుకుపోయిన ఏడు పెట్టించింది. గుంట తవ్వింది నువ్వే అన్నా. తవ్వినందుకు నీకు కోడికాలు పెట్టింది, నాకు పెట్టలేదు."

ఎవరో నవ్వును దగ్గుగా మార్చుకున్నారు. గెస్తెని చెల్లెలి వైపు తిరిగాడు. "అయితే వీణ్ణి ఉండమంటావా?"

"ఉండమనలేదు. అది అమ్మదన్నాను."

వసారాకు తిరిగి వచ్చారు. మందు సంగతి తేలిపోయింది కాబట్టి గెస్తెని పేరు సంగతి ఎత్తాడు. ఫైనెస్ వైపు తిరిగి, "నంబరు ఎవరిదైతే పేరు వాళ్ళదే పడుతుందంటాడు. మా చెల్లెలికి ఫోను లేకపోతే పొలం పోయినట్టేనా?" అన్నాడు.

ఫైనెస్ అమాయకంగా అంది, "అదేం లేదు. మొదట్లోనే అడుగుతుంది కదా, పొలం ఎవరిదీ అని. ఏ పేరు కొడితే ఆ పేరే."

లుపియా తల నెమ్మదిగా వంగింది. మతియాసికి ఆ ప్రశ్న ఇప్పుడు కళ్ళకు కట్టినట్టు గుర్తొచ్చింది. గుర్తుకు రావాల్సినంత దూరం అది ఎప్పుడూ పోలేదు. చూడకుండా పక్కన పెట్టుకున్నాడు, అంతే. పొలం ఎవరిదని యంత్రం అడిగింది. ఈ లోకంలో అతన్ని ఆ మాట అడిగింది అదొక్కటే.

"ఇప్పుడు చెప్పు," అంది ఎనెలెసి. "ఎందుకు నవ్వావు?"

"మంచి మాటేదో చెప్పు," లుపియా గొణిగాడు. "వాన మాట చెప్పు. పిల్ల ఆకలి మాట చెప్పు."

ఆ మాటలు నాలుక మీద సిద్ధంగానే ఉన్నాయి. అవి అబద్ధాలు కూడా కావు. పిల్ల ఆకలి చూశాడు, వాన మోసం చూశాడు. అసలు నిజాన్ని కప్పడానికి సరిపోయేన్ని నిజాలు అతని దగ్గర ఉన్నాయి. చెబితే సగం మంది తలూపుతారు. కానీ జైలోసి మొహం అడ్డం వచ్చింది. ఆ పెదవుల చివరి కదలికను చూసి, పిల్లల ఆకలి కోసమట అని ఎవరైనా చెబితే తాను నమ్మేవాడా? ఎనెలెసి తనకంటే తెలివితక్కువది కాదు.

"నా పేరు కనబడింది," అన్నాడు. "బాగుందనిపించింది."

"ఏం బాగుందనిపించింది?"

"పొలం నాదైనట్టు."

లుపియా పంటి సందులోంచి గాలి వదిలాడు. గెస్తెని కోరుకున్నది సరిగ్గా ఇదే. అయినా ఆయన మొహంలో గెలుపు కనబడలేదు. "విన్నారుగా," అని మాత్రం అన్నాడు, నేల చూస్తూ. ఏరు అవతల తన పెళ్ళాం ఊరికి వెళ్ళినప్పుడు, ఆయనా ఒక పొలానికి అల్లుడే.

ఎనెలెసి లేచి వచ్చింది. నడుముకు చుట్టిన చితెంజే గుడ్డ బిగించుకుని మతియాసి ముందు నిలబడింది. "నిజం చెప్పావని మెచ్చుకోను. నాకు ముందే తెలిసిన నిజం అది. నీ పేరు తియ్యి. నా పేరు పెట్టు. నేనే తిరుగుతా. కబురు నేనే వింటా. ఫోను నా దగ్గరుంటుంది."

"ఫోను నాది, ఎనెలెసీ. తేయాకు తోటల్లో చేతులు పగలగొట్టుకుని కొనుక్కున్నా."

"పొలం నాది. ఆ ఫోను పట్టుకుని పోతానంటే పో. సైకిలు అక్కడే ఉంది."

ఎవరూ మధ్యలోకి రాలేదు. టమాండా ఆడవాళ్ళలో కూచుని చితెంజే అంచు నములుతూ ఉంది. మతియాసి ఫోను తీశాడు. పచ్చటి పొలం ఇంకా అందులో ఉంది. చెరపమని నొక్కితే, నిజంగా చెరపాలా అని అది మళ్ళీ అడిగింది. నిజంగానే అని నొక్కాడు. తర్వాత కొత్త పేరు ఒక్కో అక్షరం కొట్టి, ఫోను ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చెయ్యి అతని వేళ్ళకు తగలకుండా తీసుకుంది.

"పంట దాకా చూద్దాం," అన్నాడు గెస్తెని. "ఆ తర్వాత నీ దుప్పటి చుట్టి పంపాలో లేదో తేలుద్దాం."

ఎనెలెసి ఫైనెస్‌ను తీసుకుని పొలానికి వెళ్ళింది. ఆడవాళ్ళు వెనకాలే కదిలారు. మతియాసిని కూచోమన్నారు. వసారా నుంచి పొలం కనబడదు. ఒక్కోసారి మాటలు ఆగిపోవడం వినబడేది. మూల దగ్గరికి వచ్చి ఉంటారు. అతను చాప ఈనెలు గోటితో పీకుతూ కూచున్నాడు. వాళ్ళు తిరిగి వచ్చినప్పుడు ఆమె మొహంలోకి చూడలేదు. చూస్తే ఏం కనబడుతుందో అతనికి తెలుసు.

"బోదెలు సగం మిగిలే ఉన్నాయి," అంది ఆమె, నిలబడకుండానే. "రేపట్నుంచి మొదలెట్టు."

సాయంత్రం లుపియాను సైకిలు వెనక కూచోబెట్టుకుని ఏటి దాకా దిగబెట్టాడు. కొండ నెత్తిన మబ్బు నల్లగా కట్టింది. గాలికి మట్టివాసన మొదలైంది. వంతెన దగ్గర ముసలాయన దిగి, నడుము పట్టుకుని నిలబడ్డాడు.

"బతికావు," అన్నాడు.

"ఊఁ."

"జైలోసి ఒక మాట అడగమన్నాడు. వానకు ముందే తిరగాలట కదా. డొలొఫినా పేరు పెట్టి, ఆమెనే తిరగమని చెప్పనా? ఇవాళ ఇక్కడ చేసినట్టే."

సరే అనడానికి మతియాసి నోరు తెరిచాడు. కష్టమైన మాటేం కాదు. పొద్దుట్నుంచి తాను చూసిందే, తన మీద జరిగిందే. చెల్లెలికి తిండి దొరుకుతుంది. ఎవరి మర్యాదా పోదు. కానీ ముసలాయన తన జవాబు కోసం తలెత్తి చూస్తూ ఎదురుచూస్తున్నాడు. ఈ రోజంతటిలో ఒక మనిషి తన అనుమతి కోసం ఎదురుచూడడం ఇదే మొదలు. వెన్ను నిటారైంది. ఏరు ఇంకా దాటనేలేదు.

"నేను వచ్చి చెబుతా," అన్నాడు. "అంతదాకా ఎవర్నీ తిరగొద్దను."

"ఎప్పుడొస్తావు? వాన నెత్తి మీదుంది."

"వీలు చూసుకుని వస్తా. ఆగమను."

లుపియా అతని మొహంలోకి చూసి వంతెన ఎక్కాడు. మతియాసి సైకిలు తిప్పుకుని ఎనెలెసి ఊరి దారి పట్టాడు. కొండ వైపు మొదటి ఉరుము ఉరిమింది. తొక్కుడు వేగం పెంచలేదు.